చెవి తమ్మె కొలత

రోజు 203

ఐదు రోజులకే పళ్లెం కణాలతో నిండింది. నాకు పని నేర్పిన సన్యాసమ్మ గారి కాలంలో ఏడు రోజులు పట్టేది, ఒక్కోసారి ఎనిమిది. మొన్న పెద్దల సభలో నన్ను నిలబెట్టి మరీ మెచ్చుకున్నారు. నేను తల దించుకుని వినయం నటించాను. సముద్రం అడుగున బతికేదాన్ని, ఆ పూట మాత్రం గాల్లో తేలాను.

ఈ పుస్తకం పరుపుల గదిది కాదు, నాది. గది పుస్తకంలో పళ్లెం అంకె, తేదీ, ఎవరి కణాలు అన్నంతవరకే రాస్తాం. మిగతాది రాసుకోవడానికి ఇది పెట్టుకున్నాను.

పొద్దున్నే తవుడు మావ నాచు ఉడకబెట్టి, వడగట్టి, పళ్లేల్లో పోస్తాడు. అది గడ్డకట్టి పరుపయ్యాక నేను చెవి చూస్తాను. కుడిచేతి వేళ్ళతో పరుపు అంచు, ఎడమచేతి వేళ్ళతో నా చెవి తమ్మె, రెండూ ఒకేసారి ఒత్తుతాను. రెండూ ఒకేలా లొంగితే ఆ పరుపు ఊపిరితిత్తులకి కావలి కాసే కణాలను పెంచడానికి పనికొస్తుంది. ముక్కు కొనంత గట్టిగా ఉంటే చర్మం కావలికి. ఇంకా గట్టిదయితే మళ్ళీ కుండలోకే. కొలిచే యంత్రం ఒకటి ఉండేదట. ఉప్పుకి తుప్పుపట్టి నేను పుట్టకముందే పోయింది. పైనుంచి కొత్తది వస్తోందని యాభై ఏళ్ళుగా వింటున్నాం.

ఇవాళ తవుడు మావ ఒక పళ్లెం వేలితో పొడిచి మొహం చిట్లించాడు.

"ఇదేటి నూకాలమ్మా, కూసింత గట్టిగున్నట్టున్నాది."

"నలభయ్యేళ్ళు కుండలు దింపి దింపి నీ యేళ్ళు మొద్దుబారిపోనాయి మావా. పరుపు కాదు గట్టి, నీ సెయ్యి."

నవ్వేసి కుండ తోముకోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన మంచి మనిషి. నాకు ఎదురు మాట్లాడడు.

రోజు 206

వదిన దగ్గుతోంది. వారం నుంచి వింటున్నాను, ఇవాళ గంజి తాగుతూ మధ్యలో రెండుసార్లు ఆగింది.

పైడితల్లి మా అన్న భార్య. అన్న పోయాక మేమిద్దరమే ఒక గదిలో ఉంటాం. ఊరి పైకప్పుని మేం గుల్ల అంటాం. బయట నీళ్ళలోకి ముసుగు తొడుక్కుని వెళ్ళి, ఆ గుల్లకి పట్టిన నత్తలూ పాచీ గీకడం ఆమె పని. ఊళ్ళో ఆమె అంత గట్టిగా నవ్వే మనిషి ఇంకొకరు లేరు. పెళ్ళి విందుల్లో ఆమెను గోడకి దూరంగా కూర్చోబెట్టమని ఎగతాళి చేస్తారు, గోడ బీటలిస్తుందని.

"డాక్టరమ్మకి సూపించుకో వొదినా" అన్నాను.

"ఒట్టి దగ్గేనే. బయట నీల్లు సల్లగున్నాయి కదేటి."

అడుగూరులో పుట్టినవాళ్ళం దుమ్ము ఎరగం. మా నెత్తుట్లో కావలి కణాలు పుడతాయి గానీ, ఎవరు దొంగో ఎవరు దొరో గుర్తుపట్టడం వాటికి రాదు. అందుకే కొంచెం నెత్తురు తీసి, ఆ కణాలను పరుపు మీద పెంచి, పని నేర్పి, తిరిగి ఒంట్లోకి పోస్తాం. ఊరందరికీ ఏడాదికి రెండుసార్లు. బయట నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళు బూజులు అంటించుకొస్తారు కాబట్టి వాళ్ళకి అరవై రోజులకోసారి. వదినకి ఈ నాలుగు నెలల్లో రెండు విడతలు పడ్డాయి, రెండూ నేను చూసిన పరుపుల మీద పెరిగినవే. ఇంకా దగ్గేమిటి మరి?

రోజు 211

ఇంకో పదకొండుమందికి దగ్గు. అందరూ బయటి పనివాళ్ళే. బూజు ఏదో కొత్తది వచ్చిందని ఊరంతా అనుకుంటోంది. నేనూ అనుకుంటున్నాను.

అనుకుంటున్నాను గానీ, ఒక సంగతి ఎక్కడా రాయలేదు. ఇక్కడైనా రాస్తాను.

చెవి చూసేవాళ్ళు చెవులు కుట్టించుకోకూడదు. మా ఊళ్ళో ఆడపిల్లలకి పదో ఏట కుడతారు. సన్యాసమ్మ గారు నన్ను తొమ్మిదో ఏటే ఎంచుకున్నారు. నా తమ్మెలు ఒత్తి చూసి, "వెన్నలా ఉన్నాయి, వీటి జోలికెవరూ పోకండి" అన్నారట. ఆ మాటకి నలభై ఏళ్ళు బోడిచెవుల నూకాలుగానే బతికాను. అమ్మ జూకాలు పెట్టెలో అలాగే ఉండిపోయాయి. ఆర్నెల్ల కిందట, మా మేనకోడలు బంగారి పెళ్ళికి ముందురోజు వదిన వాటిని తుడుస్తూ నా వంక చూసింది.

"ఒక్క పూటకేటవుద్దే. జుట్టు కప్పేసుకుంటే పెల్లయ్యాక ఎవులూ సూడరు. ఇంత బతుకు బతికినావు, అమ్మ జూకాలు ఒక్కపాలన్నా ఎట్టుకోవా?"

వద్దన్నాను. రెండోసారి వద్దనలేదు. సూది ఆవిరి పట్టించి తానే కుట్టింది. పెళ్ళిలో పెద్దలు చూసి గుడ్లురిమారు, అతికించుకున్నానని బొంకాను. ఆ పూట అద్దం ముందునుంచి కదలబుద్ధి కాలేదు. ఏభైకి దగ్గరపడ్డ మనిషినని కూడా గుర్తులేదు.

తర్వాత రెండు చెవులూ చీము పట్టాయి. ఇరవై రోజులకి మానాయి. మానిన చోట కందిగింజలా గట్టిగా ఉంది. చిల్లు దగ్గర కదా గట్టి, నేను అంచున ఒత్తుతాను కదా అనుకున్నాను. వేలికి అలవాటైన కొలత ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. చెవి పోయిందంటే పదవి పోయినట్టే, ఆ సంగతి మాత్రం బాగానే తెలుసు.

రోజు 214

వదినని లాక్కెళ్ళి డాక్టర్ సుభాషిణికి చూపించాను. ఛాతీ మీద ఆనించే గాజుబిళ్ళతో చాలాసేపు చూసింది.

"ఊపిరితిత్తులు బిగుసుకున్నాయి పైడితల్లిగారూ. గాలి పోతోంది గానీ అవి సాగటం లేదు. లోపల బూజు గూడు కట్టి ఉంటుంది. కనబడటం లేదు, అయినా కావలి పెంచుదాం. ఈసారి రెట్టింపు పోస్తాను."

"ఎన్ని పోసినా నాకేటి, సూదికి బయపడతానా?" అంది వదిన. నవ్వబోయి దగ్గింది.

రెట్టింపు అంటే రెండు పళ్లేలు. ఆ పళ్లేలు ఇప్పటికే గదిలో పండుతున్నాయి. వాటి మీద సరేనని వేలిముద్ర పెట్టింది నేనే.

రోజు 215

ఇవాళ తెలిసింది.

పొద్దున తవుడు మావ వంగి కుండ కలుపుతుంటే ఆయన చెవి నా కళ్ళముందుంది. మగవాళ్ళకి మా ఊళ్ళో చెవులు కుట్టరు. "మావా, చెవికి జిగురంటింది" అని పట్టుకుని ఒత్తాను.

"ఏటి పిల్లా, ఈ వయసులో నా సెవులు పిండుతావు" అని నవ్వాడు ఆయన.

డెబ్బై ఏళ్ళ మనిషి తమ్మె. ముద్దలా లొంగింది. రెండో చేత్తో పళ్లెం ఒత్తాను. లొంగలేదు. ముక్కు కొనకన్నా గట్టి. నా చెవి ఒత్తుకున్నాను. పళ్లెమూ నా చెవీ ఒక్కలాగే ఉన్నాయి. ఎంత చక్కగా సరిపోయాయో. నూటయాభై రోజులుగా నేను ఊరి పరుపులన్నీ ఒక మానిన పుండుతో పోల్చి చూస్తున్నాను.

సన్యాసమ్మ గారు మొదటిరోజే చెప్పిన పాఠం ఇది. కణానికి కళ్ళు లేవు. కాలికింద నేలే దానికి తెలిసిన లోకం. మెత్తని నేల మీద పెరిగితే ఇది మన ఇల్లేనని నెమ్మదిగా మసులుతుంది. గట్టి నేల మీద పెరిగితే ఇక్కడేదో గాయమైంది, దెబ్బలాట ఉందని రెచ్చిపోతుంది. బారలు చాచి అంటుకుంటుంది, తొందరగా పెరుగుతుంది. ఏడు రోజుల పంట ఐదు రోజులకి వచ్చిందంటే అందుకే. దానికే కదా నన్ను సభలో నిలబెట్టారు. అలా పెరిగిన దాన్ని తీసి మెత్తని ఊపిరితిత్తుల్లో పోసినా పెరిగిన తీరు చాలాకాలం మరచిపోదు. బూజు లేకపోయినా కొడుతుంది.

వదిన లోపల బూజు లేదు. నేనున్నాను.

డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరాను. నడవ సగం వరకు వెళ్ళాను. ఎదురుగా సభపెద్ద నూకరాజు గారు వస్తూ "ఏమ్మా, ఊరికి నీ చేతి చలవే దిక్కు" అన్నారు. నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాను. రేపు చెబుతాను.

రోజు 216

చెప్పలేదు.

రోజు 218

చెప్పకుండానే సరిచేయొచ్చని ఒక ఉపాయం తట్టింది. ఉపాయాలకేం, దొంగకి బోలెడు. తవుడు మావ చెవిని వేళ్ళకి గుర్తుపెట్టుకుని, నీళ్ళు ఎక్కువ కలిపించి, కొత్త పరుపులన్నీ మెత్తగా పోయిస్తున్నాను. నాచు బాగోలేదని, ఇకమీద పంట ఆలస్యమవుతుందని సభకి ముందే చెప్పేశాను. తవుడు మావ నా వంక ఒకసారి చూసి ఊరుకున్నాడు. నాచు తెచ్చేది ఆయనే.

ఇకమీద పోసేవన్నీ మెత్తని పరుపువే అవుతాయి, దగ్గులు వాటంతటవే తగ్గుతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా ఆలోచించి మూడు రోజులు అన్నం తిన్నాను. ఒక్క సంగతే మిగిలింది. వదినకి పోయాల్సిన రెండు పళ్లేలు పాతవి. వాటిని ఆపాలంటే నోరు విప్పాలి.

పళ్లేలు చేయిజారినట్టు నేల మీద పడేద్దామని చూశాను. అప్పటికే డాక్టరమ్మ మనిషి వచ్చి పట్టుకెళ్ళిపోయాడు.

రోజు 221

మూడో విడత పోశారు. నేను పక్కనే ఉన్నాను.

వదిన మంచం మీద పడుకుని చెయ్యి చాచింది. డాక్టరమ్మ సూది గుచ్చి, గొట్టం విప్పింది. అది చుక్కచుక్కగా దిగడానికి అరగంట పట్టింది. అరగంటలో ఏ క్షణాన అయినా "ఆపండి" అనొచ్చు. ఒక్క మాట చాలు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"నీ మొకమేటి అలగుంది?" అంది వదిన. "నాకు పోస్తంటే నువ్వు బయపడతావేటే."

మరో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. నాకు ధైర్యం చెప్పడానికి. రెండో పళ్లెం అయిపోయేవరకు వదల్లేదు.

రోజు 222

జ్వరం. డాక్టరమ్మ మంచిదే అంది, కావలి పని మొదలుపెట్టిందట.

రోజు 224

వదిన నాలుగు మాటలు కలిపి అనలేకపోతోంది. ఒక మాట, ఒక ఊపిరి, ఇంకో మాట. పొద్దున బంగారి వచ్చి ఏదో వేళాకోళం ఆడితే నవ్వు మొహంలోకి వచ్చింది గానీ బయటికి రాలేదు. నోరు తెరుచుకుని, భుజాలు ఎగరేసి, చప్పుడు లేకుండా అలా ఉండిపోయింది. బంగారి బయటికి వెళ్ళి ఏడ్చింది.

డాక్టరమ్మ పరుపుల గదికి వచ్చి, "నాలుగో విడత కూడా పోయాలి. నూకాలుగారూ, పాత పళ్లేలేమైనా మిగిలాయా? అవే త్వరగా పండుతున్నాయి" అంది.

అప్పుడు చెప్పాను. అందరి ముందూ జుట్టు పైకెత్తి చెవులు చూపించాను. ఎప్పుడు కుట్టించుకున్నానో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పళ్లేలు గట్టివో, ఏవి ఎవరెవరికి వెళ్ళాయో గది పుస్తకం తెరిచి వరసగా చెప్పాను. డాక్టరమ్మ దగ్గరికి వచ్చి ముందు నా చెవి, తర్వాత చీము పట్టకుండా మానిన తన చెవి ఒత్తి చూసింది. గది పుస్తకం తన వైపు తిప్పుకుంది.

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళే" అన్నాను.

నేను ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతటదే అనేసింది. అన్నాక వెనక్కి తీసుకోవడానికి చోటుంది, డాక్టరమ్మ నా మొహమే చూస్తోంది. తీసుకోలేదు.

రోజు 226

పదవి పోయింది. సభలో ఇరవై నిమిషాల పని. తిడతారనుకున్నాను, కొందరు తిట్టారు. నూకరాజు గారు మాత్రం, "తప్పు చేసింది. కానీ తెలిసిన రోజునే వచ్చి చెప్పింది. అదీ చూడాలి" అన్నారు. తల ఊపినవాళ్ళు ఎక్కువమందే. తవుడు మావ మూలన నిలబడి నేల చూస్తున్నాడు. నీళ్ళెక్కువ కలపమని నేనెప్పుడు చెప్పానో ఆయనకి తెలుసు. నోరు విప్పలేదు. ఇకమీద ఆయన చెవే ఊరి కొలత.

సభ అయ్యాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"నలభయ్యొక్కమంది దగ్గుతున్నారు. ఆపేశాం కాబట్టి వాళ్ళు తేరుకుంటారు. కోపం తీరిన కణాలు చచ్చిపోతాయి, కొత్తవి మెత్తటి పరుపు మీంచి వస్తాయి. పైడితల్లిగారి సంగతి వేరు."

"ఏమిటి వేరు?"

"కావలి కొట్టిన చోటల్లా మచ్చ కట్టింది. మచ్చ అంటే గట్టి నేల. ఇక మనం ఎంత నెమ్మదైన కణాలు పంపినా, లోపలికి వెళ్ళి ఆ నేల తొక్కగానే అవీ రెచ్చిపోతాయి. అవి కొడితే ఇంకొంచెం మచ్చ కడుతుంది. ఇప్పుడు మీ పరుపు అక్కర్లేదు, ఆమె ఊపిరితిత్తులే ఆ పరుపు." మళ్ళీ తనే, "రెండో విడతతో ఆగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ మూడోది, రెట్టింపు పోయడం నా తప్పే. నాకు నిద్ర పట్టడం లేదు" అంది.

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీ తప్పు కాదమ్మా అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, నేను ఆకులు కూడా పట్టుకోలేదు.

లెక్క తేలికే. 215న తెలిసింది, 221న పోశారు, 224న చెప్పాను.

రోజు 233

వదిన ఇక బయటికి వెళ్ళదు. మంచం తల వైపు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాం. ఎంతకాలం అని అడిగితే డాక్టరమ్మ ఏడాది అంది, తర్వాత అంతకన్నా తక్కువ కావచ్చు అంది. వదినకి అన్నీ చెప్పేశారు. నేను చెప్పలేదు, డాక్టరమ్మే చెప్పింది.

చూడటానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకుంటే వదిన ఒప్పుకోదు. ఊపిరి కూడదీసుకుని మరీ చెబుతుంది.

"దాన్ని... ఏటీ అనకండి. తెలిసిన... రోజునే... సెప్పేసినాది. పదవి పోద్దని తెలిసీ... సెప్పినాది. ఎవులు... సెప్తారు అలగ?"

ఆ నాలుగు ముక్కలు అనడానికి ఆమెకి ఎంత పడుతుందో పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. అన్నాక చాలాసేపు కళ్ళు మూసుకుని ఉంటుంది. రోజుకి ఇద్దరు ముగ్గురొస్తారు. ప్రతివాళ్ళకీ చెబుతుంది. నేను మంచినీళ్ళ వంకన లేచిపోతాను.

రోజు 240

ఇవాళ ఎవరూ రాలేదు. గంజి పట్టించి మూతి తుడుస్తుంటే వదిన నా మణికట్టు పట్టుకుంది.

"నీతో... ఒక మాట సెప్పాల."

"తర్వాత సెప్దువులే వొదినా, ఆయాసపడకు."

"కాదు. ఇనాల." రెండు ఊపిర్లు తీసింది. "సూది... గుచ్చింది నాను. నువ్వు వద్దన్నావు. నానే... ఇనలేదు. ఊరందరికీ... దగ్గు నావల్లే. నీ పదవి... నావల్లే పోనాది. నిన్ను సిన్నప్పట్నించి... ఎరుగుదును, ఆ పని తప్ప... నీకింకోటి లేదు."

"ఊరుకో వొదినా."

"పగలంతా... ఇదే తలుస్తన్నాను. పోయేలోగా... ఈ మాట నీతో అనీయాలని." ఆగింది.  మణికట్టు మీద పట్టు మాత్రం సడలలేదు. "నన్ను... మన్నించీయే నూకాలూ."

ఆ తొమ్మిది రోజుల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె గుండె మీది బరువు సగమైనా దిగుతుంది. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. ఆమె నా కళ్ళల్లోకి చూస్తూ, ఊపిరి బిగపట్టి, జవాబు కోసం ఎదురుచూస్తోంది.

మన్నించానని చెప్పాను.